షట్టర్, గ్యారేజీ డోర్ స్ప్రింగులు: అరిగితే ఎలా తెలుస్తుంది, ఎప్పుడు మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది రోజూ మన తల మీదే ఉన్నా మనం ఎప్పుడూ తలెత్తి చూడని ఒక వస్తువు గురించి. షట్టర్ స్ప్రింగ్. షాపు షట్టర్ కావచ్చు, విల్లాలో కార్ పెట్టుకునే చోటి షట్టర్ కావచ్చు, అమెరికాలో ఉన్న మనవాళ్ళ గ్యారేజీ డోర్ కావచ్చు. అది బాగున్నన్నాళ్ళు తలుపు ఒంటి చేత్తో లేస్తుంది. తెగిన రోజు ఇద్దరు పట్టుకున్నా లేవదు, లేచినా నిలబడదు.

నేను ఉండేది తెల్లాపూర్‌లో. 2018లో మునిసిపాలిటీ అయ్యేదాకా ఇది పంచాయతీ. ఇప్పుడు కొల్లూరు వైపు వెళ్ళినా, ఉస్మాన్ నగర్ వైపు వెళ్ళినా, నల్లగండ్ల వైపు వెళ్ళినా రోడ్డు పొడుగునా షాపులు, లోపల విల్లాలు. ఇంకాస్త అవతలికి, పటాన్‌చెరు, పాశమైలారం వైపు పోతే గోడౌన్లు, ఫ్యాక్టరీలు. అన్నిటికీ షట్టర్లే. మా చుట్టుపక్కల చాలా షట్టర్లు ఊరు పెరిగిన ఈ కొన్నేళ్ళలోనే బిగించినవి. ఒకే కాలంలో బిగించారంటే, అరిగేది కూడా కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో. అందుకే ఈ టాపిక్ ఇప్పుడు తీసుకున్నాను.

నన్ను ఎక్కువమంది అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి, "షట్టర్ బరువైంది బ్రో, ఆయిల్ కొడితే సరిపోతుందా?" రెండు, "వీడియో చూసి స్ప్రింగ్ నేనే మార్చుకోవచ్చా?" మొదటిదానికి జవాబు: చాలాసార్లు సరిపోదు. రెండోదానికి జవాబు: వద్దు. ఎందుకో అర్థం కావాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

మన పాత ఏతం గుర్తు చేసుకోండి. బావిలోంచి బాన పైకి రావడానికి దూలం వెనక కొసన బరువు ఉంటుంది. ఆ బరువు కిందికి దిగుతుంటే నీళ్ళు పైకి వస్తాయి. మనిషి చేసేది అటూ ఇటూ చిన్న సాయం. షట్టర్‌లో ఆ వెనక బరువు చేసే పని స్ప్రింగ్ చేస్తుంది. పైన డబ్బాలాంటి కవర్ లోపల ఒక ఇనుప పైపు అడ్డంగా ఉంటుంది. అది తిరగదు, రెండు కొసల్లో బ్రాకెట్లకు బిగించి ఉంటుంది. దాని చుట్టూ స్ప్రింగులు. స్ప్రింగ్‌కి ఒక కొస పైపుకి, ఇంకో కొస షట్టర్ చుట్టుకునే చక్రానికి. షట్టర్ కిందికి లాగినప్పుడు స్ప్రింగ్ బిగుసుకుంటుంది. పైకి ఎత్తేటప్పుడు ఆ బిగువు విడుస్తూ షట్టర్‌ని తనే లాక్కుంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు షట్టర్ అనుకోండి. ఏడున్నర చదరపు మీటర్లు. రేకు మందం 1.2 మిల్లీమీటర్లు. ఆ మందం ఉక్కు రేకు చదరపు మీటరుకి సుమారు 9.4 కేజీలు తూగుతుంది. అంటే పట్టీల మడతలు, కింద ఉండే లాక్ పట్టీ లెక్కలోకి తీసుకోకుండానే 70 కేజీలు. అవి కూడా కలిపితే ఇంకా ఎక్కువ. ఒక పెద్ద మనిషి బరువు. మీరు పొద్దున్నే ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో ఎత్తేది అంత బరువు. మీ చెయ్యి ఎత్తట్లేదు, స్ప్రింగ్ ఎత్తుతోంది.

అదే 70 కేజీలు పైనుంచి కిందికి ఒక్కసారిగా జారితే? 70 కేజీల మనిషి నాలుగు అడుగుల గోడ మీదనుంచి దూకితే ఎంత దెబ్బో అంత శక్తి. అదంతా కింద ఉండే సన్నటి ఇనుప పట్టీ మీదుగా వస్తుంది. కింద చెయ్యి ఉందా, కాలు ఉందా, పిల్లవాడు ఉన్నాడా అని అది చూడదు.

సరే, స్ప్రింగ్ ఎందుకు అరుగుతుంది? నేను బీటెక్ మెకానికల్ చేసి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళినవాణ్ణి. అప్పుడు చదివిన మెషీన్ డిజైన్‌లో ఇప్పటికీ పనికొచ్చే పాఠం ఒకటుంది. ఇనుము ఒక్కసారి పెద్ద బరువు వేస్తే విరగకపోవచ్చు. కానీ అంతకన్నా తక్కువ బరువు వేలసార్లు వేసి తీస్తూ పోతే విరుగుతుంది. తీగ పై పొరలో ఎక్కడో కంటికి కనపడని పగులు మొదలవుతుంది. ప్రతి ఎత్తుడు, దించుడుతో అది ఒక్కో వెంట్రుక వాసి లోపలికి పోతుంది. ఒకరోజు ఠప్ మంటుంది. తుప్పు పట్టి తీగ మీద గుంటలు పడితే ఆ పగులుకి మనమే దారి చేసి ఇచ్చినట్టు.

అందుకే స్ప్రింగ్ వయసు ఏళ్ళలో చెప్పరు, ఎత్తుడు దించుళ్ళలో చెబుతారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. అమెరికాలో ఇళ్ళ గ్యారేజీ డోర్‌కి మామూలుగా వచ్చే స్ప్రింగ్ సుమారు 10,000 సైకిళ్ళకి చేసింది. ఆ లెక్క మనకీ వేసుకుందాం. ఒక కిరాణా షాపు రోజుకి రెండుసార్లు తెరిచి మూస్తుంది. ఏడాదికి 730. పదివేలకి చేరడానికి 13 ఏళ్ళు దాటుతుంది. ఒక విల్లాలో రెండు కార్లు, స్కూల్, ఆఫీస్, సాయంత్రం షాపింగ్, అన్నీ కలిపి రోజుకి ఎనిమిదిసార్లు. ఏడాదికి 2,920. మూడున్నర ఏళ్ళలో అయిపోతుంది. "షాపాయనది పదేళ్ళ నుంచి బాగానే ఉంది, మాది అప్పుడే ఏమైంది" అని అడుగుతారు. ఏమీ కాలేదు, మీరు ఎక్కువ వాడారు. మన దగ్గర షట్టర్ బిల్లు మీద ఈ సైకిళ్ళ సంఖ్య సాధారణంగా రాయరు. మీరే అడగాలి.

అరుగుడు ఎలా తెలుస్తుందో ఇప్పుడు చూద్దాం. స్ప్రింగ్ తీగ అసలు మందం 5 మిల్లీమీటర్లు అనుకోండి. తుప్పు తిని 4.8 అయింది. తగ్గింది 4 శాతమే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగ్ బలం మందాన్ని నాలుగుసార్లు హెచ్చించిన లెక్కన మారుతుంది. 4 శాతం మందం తగ్గితే బలం సుమారు 15 శాతం తగ్గుతుంది. 70 కేజీలలో పది కేజీలు మీ చేతి మీదికి వచ్చేసినట్టు. "ఈమధ్య షట్టర్ బరువైంది" అనడానికి అసలు అర్థం ఇది. షట్టర్ బరువు మారలేదు. మోసే భుజం సన్నబడింది. ఆయిల్ ఆ భుజాన్ని మళ్ళీ లావు చెయ్యలేదు.

కాబట్టి గుర్తులు ఇవి. ఎత్తడానికి మునుపటికన్నా బలం కావాలి. సగంలో వదిలితే నిలబడకుండా కిందికి జారుతుంది. ఒక పక్క ముందు లేచి, ఇంకో పక్క వెనకబడుతుంది. అంటే ఆ పక్క స్ప్రింగ్ వదులైంది, లేదా తెగింది. పైన కవర్‌లో ఠప్ మని పెద్ద శబ్దం వచ్చి ఆ తర్వాత అకస్మాత్తుగా బరువెక్కింది. లేదా దానికి వ్యతిరేకం: కాస్త ఎత్తగానే చెయ్యి లాగేసుకుని పైకి దూసుకుపోతుంది. అదీ మంచిది కాదు. ఎవరో అవసరానికి మించి బిగించారు, స్ప్రింగ్ వయసు ఇంకా త్వరగా అయిపోతుంది.

పరీక్ష ఒకటి చెబుతాను, నెలకోసారి చెయ్యండి. షట్టర్‌ని నడుము ఎత్తుకి తీసుకురండి. మీరు దాని కింద ఉండకండి. కాళ్ళు వెనక్కి పెట్టి నిలబడండి. చేతి పట్టు మెల్లగా వదులు చెయ్యండి, పూర్తిగా వదలకండి. అక్కడే నిలబడితే బాగున్నట్టు. కిందికి పోతుంటే వదులైనట్టు. పైకి పోతుంటే ఎక్కువ బిగించినట్టు. కానీ ఇప్పటికే బాగా బరువుగా ఉండి, దభీమని పడుతున్న షట్టర్ మీద ఈ పరీక్ష వద్దు. దానికి జవాబు మీకు తెలిసిపోయింది.

మోటారు ఉన్నవాళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగా వినండి. మోటారు షట్టర్లలో రకాలు ఉన్నాయి. మోటారు ఒక పక్కన గోడ దగ్గర ఉండి, చైన్‌తో పైపుని తిప్పే రకంలో సాధారణంగా స్ప్రింగ్ ఉండదు. పైపే తిరుగుతుంది, బరువంతా మోటారూ గేరూ మోస్తాయి. అక్కడ చూడాల్సింది చైన్, బ్రేక్. మోటారు పైపు మధ్యలో కూర్చునే రకంలో మాత్రం స్ప్రింగులు ఉంటాయి, మోటారు వాటికి సాయం చేస్తుంది అంతే. మీది ఏదో బిగించినవాళ్ళని అడిగి తెలుసుకోండి.

ఈ రెండో రకంలో ఉన్న ఇబ్బంది ఏంటంటే, స్ప్రింగ్ వదులైనా మోటారు ఏమీ అనదు. లోపల్లోపల ఎక్కువ కరెంటు తాగుతూ, వేడెక్కుతూ లాగేస్తుంది. మనం రిమోట్ నొక్కి ఫోన్ చూసుకుంటూ ఉంటాం. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇది చూశాను. నాలుగు సర్వర్లలో ఒకటి పోతే మిగతా మూడు సర్దుకుపోతాయి, ఎవరికీ తెలియదు, రెండోది కూడా పోయేదాకా. కాబట్టి మోటారుని దాని పద్ధతిలో విడదీసి, నెలకోసారి చేత్తో ఎత్తి చూడండి. విడదీసే పద్ధతి తెలియకపోతే, సర్వీస్‌కి వచ్చినప్పుడు మీ కళ్ళ ముందు చేసి చూపించమనండి.

మోటారు లేని చోట ఈ సంగతి ముందు తెలిసేది ఓనర్‌కి కాదు. రోజూ ఎత్తే మనిషికి. వాచ్‌మన్, షాపులో పనిచేసే అబ్బాయి, గోడౌన్ హమాలీ. "సార్, షట్టర్ బరువైతుంది" అని ఒకసారి చెబుతాడు. మనం "కొంచెం గట్టిగా ఎత్తు" అంటాం. అతను రెండోసారి చెప్పడు. భుజం పెట్టి ఎత్తుతాడు, సగంలో కర్ర పెట్టి ఆపుతాడు, కింద దూరి వెళ్తాడు. స్ప్రింగ్ మోయాల్సిన బరువు అతని నడుము మోస్తుంది. ఆ మాట మొదటిసారి విన్న రోజే మెకానిక్‌ని పిలిస్తే చిన్న రిపేరు. వినకపోతే అది ఎవరి మీద పడుతుందో ముందే తెలుసు: ఇంట్లో సోఫాలో కూర్చున్న మన మీద మాత్రం కాదు.

తెగిపోతే ఏం చెయ్యాలి? షట్టర్ మూసి ఉన్నప్పుడు తెగితే నయం. అలాగే వదిలేయండి. వేరే దారి వాడండి. మోటారు ఉంటే స్విచ్ ఆపేసి, రిమోట్ ఎవరికీ అందకుండా పెట్టండి. తెరిచి ఉన్నప్పుడు తెగితే, కింద ఎవరినీ నడవనివ్వకండి, కారు కూడా తియ్యకండి. రెండు పక్కల మంచాలో, ప్లాస్టిక్ కుర్చీలో అడ్డం పెట్టి దారి మూసేయండి. మెకానిక్ వచ్చి షట్టర్‌ని పైనే కదలకుండా కట్టేదాకా దాని కింద పని లేదు. రెండు స్ప్రింగులున్న షట్టర్‌లో ఒకటి తెగితే సగం బరువు, అంటే మన లెక్కలో 35 కేజీలు, ఎత్తే మనిషి చేతిలోకి వస్తాయి. రెండో స్ప్రింగ్ కూడా అదే వయసుది, దాని వంతు ఎంతో దూరంలో లేదు.

ఇప్పుడు, నేనే ఎందుకు మార్చుకోకూడదు? షట్టర్ పూర్తిగా పైకి ఎత్తేసినా స్ప్రింగ్‌లో బిగువు సున్నా కాదు. కొంత బిగువు ముందే పెట్టి ఉంచుతారు, లేకపోతే చివరి రెండడుగులు షట్టర్ పైకి పోదు. ఆ బిగువు సరిచెయ్యాలంటే పైపుని పట్టి ఉంచిన క్లాంపు వదులు చేసి, పెద్ద పైపు పానాతో పైపుని తిప్పాలి. క్లాంపు వదులు చేసిన క్షణం నుంచి మళ్ళీ బిగించేదాకా స్ప్రింగ్ బలమంతా ఆ పానాలో ఉంటుంది. పానా జారిందంటే గిర్రున తిరిగి మొహానికో, మణికట్టుకో తగులుతుంది. మనిషి నిచ్చెన మీద ఉంటాడు కాబట్టి ఆ దెబ్బతో పాటు కింద కూడా పడతాడు. రోజూ చేసేవాళ్ళ చేతులకి ఆ బలం ఎంతో తెలుసు. మనకి తెలియదు. డబ్బు మిగుల్చుకునే పనులు ఇంట్లో చాలా ఉన్నాయి, ఇది మాత్రం వద్దు.

మెకానిక్‌ని పిలిచినప్పుడు మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, స్ప్రింగులు అన్నీ కలిపి మారుస్తున్నాడా? "ఒకటే పోయింది సార్, ఒకటే వేస్తే అయిపోతది" అంటే ఒప్పుకోకండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే షట్టర్ ఒక పక్కకి లాగుతుంది. రెండోది, తీగ మందం పాతదానితో సరిపోయిందా? ఇందాకటి నాలుగుసార్ల హెచ్చింపు ఇక్కడ కూడా ఉంది. 5 మిల్లీమీటర్ల బదులు 5.5 వేస్తే బలం 10 శాతం పెరగదు, 46 శాతం పెరుగుతుంది. "దాదాపు అదే సైజు" అనే మాటకి స్ప్రింగ్ విషయంలో అర్థం లేదు. మూడోది, తీగ ఏ రకం? కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, తన షట్టర్లకి రాసుకున్న షరతుల్లో 27.5 సెంటీమీటర్ల పొడవు స్ప్రింగ్, ఐఎస్ 4454 మొదటి భాగం ప్రకారం హై టెన్సైల్ ఉక్కు తీగ అని ఉంటుంది. ఆ సంఖ్య చెప్పి అడగండి. అడిగితే దుకాణంవాడికి మీరు చూసి కొనేవాళ్ళని అర్థమవుతుంది.

నాలుగోది బేరింగ్. మన దేశంలో రోలింగ్ షట్టర్ల ప్రమాణం ఐఎస్ 6248. దాని ప్రకారం చేత్తో ఎత్తే షట్టర్ బాల్ బేరింగ్ లేకుండా 8 చదరపు మీటర్ల వరకే, బేరింగ్‌తో 12 వరకు. అంతకు మించితే గేర్, చైన్, లేదా మోటారు ఉండాలి. రెండు కార్లు పక్కపక్కన పట్టేలా ఐదు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు పెడితే పన్నెండున్నర అవుతుంది. దాన్ని చేత్తో ఎత్తే రకంగా పెట్టి ఉంటే, స్ప్రింగ్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, తప్పు మొదట్లోనే జరిగింది.

ఆ మెకానిక్ గురించి కూడా ఆలోచించండి. ఒక్కడే వస్తే ఇంకో మనిషిని తోడు తెచ్చుకోమనండి. ఊగని నిచ్చెన ఇవ్వండి, ప్లాస్టిక్ స్టూల్ కాదు. కరెంటు ఆపండి. పిల్లల్ని లోపల ఉంచండి. "అన్నా, తొందరగా కానియ్యి, నాకు ఆఫీస్ ఉంది" అనకండి. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు నడుము ఎత్తు పరీక్ష ఆయన చేతే చేయించండి. బిల్లు మీద తేదీ, స్ప్రింగుల సంఖ్య రాయించి, ఆ తేదీని కవర్ మీద మార్కర్‌తో కూడా రాసి పెట్టుకోండి.

మనం సొంతంగా చెయ్యదగినది శుభ్రత. రెండు పక్కల కాలువల్లాంటి గైడ్‌లలో దుమ్ము చేరుతుంది. ఇక్కడ కన్‌స్ట్రక్షన్ టిప్పర్లు తిరిగే రోడ్ల పక్కన అయితే వారానికే చేరుతుంది. పొడి గుడ్డతో తుడవండి. చాలామంది బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు. అది దుమ్ముని పట్టుకుని గరుకు కాగితంలా తయారవుతుంది. పల్చటి సిలికాన్ స్ప్రే కొద్దిగా చాలు. వానాకాలం ముందు పైన కవర్‌లోకి నీళ్ళు కారే సందు ఉందేమో చూపించి మూయించండి. స్ప్రింగ్‌కి నీళ్ళే మొదటి శత్రువు.

ఇక ఫ్రిస్కో నుంచి, ఎడిసన్ నుంచి చూసేవాళ్ళకి. మీ గ్యారేజీ డోర్‌లో తలుపు పైన గోడకి అడ్డంగా కనపడే స్ప్రింగ్ టోర్షన్ స్ప్రింగ్. తెగితే చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపిస్తుంది. పక్కల పట్టాల పైన పొడుగ్గా సాగే స్ప్రింగ్ ఉంటే, దాని లోపలినుంచి ఒక ఇనుప తీగ కట్టి ఉందో లేదో చూడండి. తెగినప్పుడు ముక్క ఎగిరి రాకుండా ఆపేది అదే. ఎర్ర తాడు లాగి మోటారు విడదీసే పని ఎప్పుడూ తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే చెయ్యండి. తెరిచి ఉన్నప్పుడు స్ప్రింగ్ తెగి ఉంటే, ఆ తాడు లాగడం అంటే తలుపుని మీ మీదకి వదలడమే.

అక్కడ 1993 జనవరి 1 తర్వాత తయారైన ఇళ్ళ గ్యారేజీ మోటార్లకి, మధ్యలో ఎవరైనా ఇరుక్కోకుండా తలుపు వెనక్కి తిరిగే ఏర్పాటు చట్టప్రకారం ఉండాలి. తలుపుల కింద పిల్లలు చనిపోయిన తర్వాత వచ్చిన నియమం అది. నేల నుంచి ఆరు అంగుళాలకి మించని ఎత్తులో రెండు పక్కల చిన్న కళ్ళు ఉంటాయి, మధ్యలో ఏది అడ్డొచ్చినా తలుపు ఆగుతుంది. ఒకటిన్నర అంగుళం మందం చెక్కని నేల మీద పడుకోబెట్టి తలుపు మూయండి. తగలగానే వెనక్కి లేవాలి. ఇక్కడ మోటారు షట్టర్ పెట్టించుకునేవాళ్ళు కూడా ఆ కళ్ళు పెట్టమని అడగండి, దొరుకుతాయి. ఇంకో మాట. షట్టర్ లేస్తుంటే పిల్లలు కింది పట్టీకి వేలాడుతూ ఆడతారు. చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఆ స్ప్రింగ్ లెక్కలో ఆ పిల్లవాడి బరువు లేదు.

మొత్తం చెప్పింది ఒక్క ముక్కలో: తలుపు బరువు స్ప్రింగ్ మోయాలి, మనిషి మోయకూడదు. ఈ ఆదివారం ఒక్కసారి మీ షట్టర్‌ని నడుము ఎత్తులో ఆపి చూడండి. మీరు రోజూ ఎత్తకపోతే, ఎత్తే మనిషిని పిలిచి "ఈమధ్య బరువుగా ఉందా?" అని అడగండి. అతను ఏం చెబుతాడో పూర్తిగా వినండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.